చౌదార్ చెరువు నుంచి దామోదర్ గట్టు దాకా

మా ఊళ్లో మెరక ఊరిది, పల్లం వాడది. కృష్ణా డెల్టా చివరి భూముల్లో పుట్టిన నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏటేటా వానాకాలంలో నడిచి తెలుసుకున్నాను. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పడితే ముందుగా మునిగేది మా వాడకు వచ్చే దారి. తరువాత మంచినీటి పంపు. ఆ తరువాత కరెంటు పోతుంది. ఊరి వీధిలో దీపాలు అప్పటికీ వెలుగుతూనే ఉంటాయి. తుఫాను రక్షణ కేంద్రాన్ని కూడా ఊరి మెరక మీదే కట్టారు. దానికీ మా వాడకూ మధ్య మురుగు కాలువ ఉంది. కాలువ పొంగగానే దాని మీది కల్వర్టు నీళ్లలో కలిసిపోతుంది. అంటే షెల్టరు అవసరమైన రోజునే దానికి దారి ఉండదు. ఇంజనీర్ల లెక్కలో ఆ కట్టడం పటిష్ఠమైనదే. ఇన్నేళ్లలో దాని గోడ బీట వారలేదు. అయితే అది ఎవరి కోసం పటిష్ఠంగా ఉందన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

ఈ ప్రశ్నతోనే నేను అంబేడ్కర్ జీవితాన్ని మళ్లీ చదివాను. మహాడ్ పోరాటం, రాజ్యాంగ రచన, నాగపూర్‌లో బౌద్ధ దీక్ష మన జయంతి సభల్లో ఏటా వినిపించే ఘట్టాలు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా ఉన్నారని కూడా చెప్పుకుంటాం. కానీ ఆ శాఖ కిందే నీటిపారుదల, విద్యుత్తు, కేంద్ర ప్రజాపనులు ఉండేవన్న సంగతి, వరదల నుంచి రోడ్లను, రైలు మార్గాలను, పొలాలను కాపాడడం ఎలాగన్నది ఆయన బల్ల మీది రోజువారీ పని అన్న సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తాయి. ఆ నాలుగేళ్లను ఆయన మిగతా జీవితం నుంచి విడదీసి చూడలేమని నా అభిప్రాయం. ఎందుకంటే ప్రజాపనులతో ఆయన పరిచయం బాల్యంలోనే, దాహంతో మొదలైంది.

భీమ్‌రావ్ 1891 ఏప్రిల్ 14న మవ్ సైనిక స్థావరంలో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఉద్యోగ విరమణ తరువాత కుటుంబం సతారాకు చేరింది. తల్లి భీమాబాయి అక్కడే చనిపోయింది. ఆ రోజుల్లో సతారా జిల్లాలోని గోరేగావ్‌లో బొంబాయి ప్రభుత్వం ఒక చెరువు తవ్విస్తోంది. కరువులో వేల సంఖ్యలో చనిపోతున్న జనానికి కూలి దొరికేలా చేపట్టిన పని అది. రామ్‌జీ అక్కడ క్యాషియరు. 1901 వేసవి సెలవుల్లో భీమ్‌రావ్ తోటి పిల్లలతో కలిసి తండ్రిని చూడడానికి రైలెక్కాడు. మసూర్ స్టేషనులో దిగాక, వాళ్లు మహర్లని తెలియగానే స్టేషను మాస్టరు ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరకు రెట్టింపు బాడుగకు ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలని, తాను పక్కన నడుస్తానని షరతు పెట్టి. రాత్రి దారిలో టోలు వసూలు చేసే గుడిసె దగ్గర ఆగారు. మూటలో తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. అడిగినా దొరకలేదు. ఆకలితోనే పడుకున్నారు.

పెద్దయ్యాక అంబేడ్కర్ ఈ ప్రయాణాన్ని స్వయంగా రాసిపెట్టారు. దీన్ని మనం అంటరానితనపు క్రూరత్వానికి నిదర్శనంగా చదువుతాం. అది సరైనదే. నాకు ఇందులో మరొకటి కూడా కనిపిస్తుంది. కరువును ఎదుర్కోవడానికి ప్రభుత్వం చెరువు తవ్విస్తోంది. ఆ పనిలో కూలీలకు పైసలు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగి ఒక మహర్. ఆ ఉద్యోగి కొడుక్కి ఆ చెరువుకు వెళ్లే దారిలో గుక్కెడు నీళ్లు పుట్టలేదు. విపత్తును తట్టుకునే కట్టడం ఒక్కటే చాలదని, దాన్ని చేరే దారి కూడా అందరిదీ కావాలని ఆ పదేళ్ల పిల్లవాడికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది.

ఆ తరువాతి చదువు కథ విద్యార్థులకు తెలిసిందే. ఎల్ఫిన్‌స్టన్ కళాశాల నుంచి 1912లో పట్టా, 1913లో బరోడా మహారాజు ఉపకార వేతనంతో కొలంబియా, అక్కణ్నుంచి లండన్. ఆయన ఎంచుకున్న ప్రధాన విషయం ప్రభుత్వ ఆర్థిక వ్యవస్థ. బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య రాబడి, ఖర్చు ఎలా పంచుకున్నారన్నది ఆయన కొలంబియా పరిశోధన. అది 1925లో పుస్తకంగా వచ్చింది. ప్రజల డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడ ఖర్చవుతుందో వెతికే ఆ చూపు ఆయన్ను చివరిదాకా విడవలేదు.

ఆ చూపే మహాడ్‌లోనూ పనిచేసింది. ప్రభుత్వ నిధులతో కట్టిన, నిర్వహించే నీటి వనరులు, బడులు, ధర్మశాలలు, ఆసుపత్రులు అంటరానివారికి కూడా తెరవాలని 1923లో ఎస్.కె. బోలే బొంబాయి శాసనమండలిలో పెట్టిన తీర్మానం నెగ్గింది. దాన్ని అనుసరించి మహాడ్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, గట్టు మీద మాత్రం మూసే ఉంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. తిరిగి వెళుతున్న వాళ్లను కొట్టారు. ఆ తరువాత పేడ, గోమూత్రం కలిపిన 108 కుండలతో చెరువును శుద్ధి చేశారు. కోర్టులో చెరువు ప్రైవేటుదన్నారు, అనాదిగా వస్తున్న ఆచారమన్నారు. పదేళ్ల వ్యాజ్యం తరువాత 1937లో బొంబాయి హైకోర్టు ఆ రెండు వాదనలనూ తోసిపుచ్చింది. ప్రజల డబ్బుతో నిర్వహించే వనరు ప్రజలందరిదీ అన్న సూత్రం కోసం ఇంత సుదీర్ఘంగా పోరాడిన మనిషికి అయిదేళ్ల తరువాత దేశంలోని నదుల బాధ్యత వచ్చింది.

ఆ మధ్యలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ గుర్తు చేయాలి. 1934 జనవరి 15న బిహార్‌ను భూకంపం కుదిపేసింది. వేల మంది చనిపోయారు. అది అంటరానితనమనే పాపానికి పడిన దైవశిక్ష అని గాంధీ ప్రకటించారు. ప్రకృతి ఘటనకు నైతిక కారణం అంటగట్టడం తగదని టాగూర్ బహిరంగంగా విభేదించారు. గాంధీ ఉద్దేశం అంటరానితనాన్ని ఖండించడమే కావచ్చు. కానీ ఆ వివరణలో కూలిన గోడకు, వంతెనకు, మెత్తటి నేలకు చోటు లేదు. ఆ పాపానికి బలైనవాళ్లు కూడా శిథిలాల కింద ఉన్నారన్న ఆలోచనకూ చోటు లేదు. విపత్తును దైవానికి వదిలేస్తే ప్రభుత్వాన్ని అడగడానికి ఏమీ మిగలదు. అంబేడ్కర్ అనుసరించిన దారి వేరని తొమ్మిదేళ్ల తరువాత దామోదర్ వరదలో తేలింది.

దామోదర్ ఛోటానాగ్‌పూర్ కొండల్లో పుట్టి బెంగాల్ మైదానంలోకి దూకే నది. బెంగాల్ దుఃఖమని దానికి పేరు. పైన కురిసిన వాన గంటల్లో కిందికి చేరుతుంది. కింద వాలు లేక నిలిచిపోతుంది. తరతరాలుగా దానికి తెలిసిన మందు కరకట్ట ఒక్కటే. కరకట్టల మధ్య బిగించిన నది తన ఒండ్రును పొలాల మీద పరవలేదు, అడుగునే పేర్చుకుంటుంది. అడుగు పెరిగేకొద్దీ కట్ట ఎత్తు పెంచాలి. ఎత్తు పెరిగేకొద్దీ గండి పడిన రోజున జరిగే నష్టమూ పెరుగుతుంది. 1943 జులైలో బర్ద్వాన్ సమీపంలో ఎడమ కట్ట తెగింది. 1913 నాటి వరదతో పోలిస్తే ఆ ప్రవాహం చిన్నదే. అయినా గ్రాండ్ ట్రంక్ రోడ్డు, ఈస్టిండియన్ రైల్వే మార్గం కొట్టుకుపోయి కలకత్తాకు ఉత్తర భారతంతో సంబంధం తెగింది. బయట యుద్ధం, లోపల బెంగాల్ కరువు. అలాంటి సమయంలో ఒక్క గండి దేశపు ప్రధాన మార్గాన్ని ఆపేసింది.

బెంగాల్ ప్రభుత్వం బర్ద్వాన్ మహారాజు అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. అందులో శాస్త్రవేత్త మేఘనాద్ సాహా సభ్యుడు. అమెరికాలోని టెన్నెసీ లోయ సంస్థ నమూనాలో మొత్తం నదికి ఒకే సంస్థ ఉండాలన్న ఆలోచన ఆ చర్చల్లో బలపడింది. కేంద్రంలో దాన్ని ముందుకు నడిపే బాధ్యత అంబేడ్కర్ శాఖది. 1945 జనవరి 3న కలకత్తాలో బెంగాల్, బిహార్ ప్రభుత్వాలను కూర్చోబెట్టి జరిపిన సమావేశానికి ఆయనే అధ్యక్షులు. అదే ఏడాది ఆగస్టులో మరో సమావేశం జరిగింది. టెన్నెసీ నుంచి వచ్చిన ఇంజనీరు వూర్డుయిన్ తన ప్రాథమిక ప్రణాళికను ఆ నెలలోనే సమర్పించారు. అప్పటికి నమోదైన గరిష్ఠ వరద 6.5 లక్షల క్యూసెక్కులైతే, ఆయన 10 లక్షల క్యూసెక్కుల వరదను ఊహించి ఎనిమిది ఆనకట్టలను ప్రతిపాదించారు. నిన్న వచ్చిన వరదకు కాదు, రేపు రాగల వరదకు కట్టాలన్నది ఆ లెక్కలోని తర్కం.

1945 నవంబరు 8న కటక్‌లో మహానది మీద జరిగిన సమావేశంలో అంబేడ్కర్ ఈ ఆలోచనను ఇంకా విడమరచి చెప్పారు. ఒరిస్సా వరదలను పరిశీలించిన పాత సంఘాలు నీటిని శత్రువుగా చూశాయని, దాన్ని ఎంత త్వరగా సముద్రంలోకి తోసేస్తే అంత మేలనుకున్నాయని ఆయన విమర్శించారు. నీటిని పైనే జలాశయాల్లో ఆపితే వరద తగ్గుతుంది. ఆ నీటితోనే సేద్యం, విద్యుత్తు, నౌకాయానం సాధ్యమవుతాయి. వరద, మలేరియా, కరువు, పేదరికం ఒకే ముడిలో ఉన్నప్పుడు విడివిడిగా విప్పలేమన్నది ఆయన వాదన. విద్యుత్తు గురించి, నదుల గురించి ఢిల్లీలో నిపుణుల సంస్థ అంటూ లేని రోజులవి. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గ, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఏర్పడ్డాయి. నేటి కేంద్ర జల సంఘానికి మూలం ఈ రెండో సంస్థే. ఇదంతా ఒక్క మనిషి ఘనత కాదు. ఇంజనీర్లు, అధికారులు, సాహా వంటి శాస్త్రవేత్తల శ్రమ ఇందులో ఉంది. కానీ రాష్ట్రాల తగువుల నడుమ పనిని నిలబెట్టిన రాజకీయ సంకల్పం ఆయనది.

భక్తితో మాత్రమే చదివితే ఈ కథ ఇక్కడ ఆగిపోతుంది. ఆగకూడదు. దామోదర్ లోయ సంస్థ 1948లో ఏర్పడింది. తిలైయా, కోనార్, మైథాన్, పంచెట్ ఆనకట్టలు 1953–59 మధ్య వచ్చాయి. ఎనిమిదింట మొదటి దశలో కట్టినవి ఆ నాలుగే. 1978లో దామోదర్ మళ్లీ బెంగాల్‌ను ముంచింది. మహానది మీద హీరాకుడ్ 1957 జనవరి 13న ప్రారంభమయ్యే నాటికి అంబేడ్కర్ చనిపోయి అయిదు వారాలు. దాని కోసం లక్షకు పైగా జనం ఇళ్లూ పొలాలూ వదులుకున్నారు. మైథాన్, పంచెట్ కింద సంతాల్ గ్రామాలు మునిగాయి. దిగువ ప్రాంతాల వరద భారాన్ని ఎగువన ఆదివాసులు, దళితులు, చిన్న రైతులు మోశారు. పెద్ద ఆనకట్టల మీద ఆ తరానికి ఉన్న నమ్మకాన్ని అంబేడ్కర్ కూడా పంచుకున్నారు. ఆ నమ్మకానికి ఎవరు మూల్యం చెల్లించారన్నది పోలవరం ముంపు గ్రామాలను చూస్తున్న మనం అడగవలసిందే. ఆయన్ను ఆయన కొలతతోనే కొలవడం అగౌరవం కాదు.

ఆ కొలత ఏమిటో ఆయన రెండు చోట్ల స్పష్టంగా పెట్టారు. మొదటిది నేల గురించి. అంటరానివారి వాడ ఊరికి బయట, అశుభమని భావించే దక్షిణ దిక్కున ఉండాలన్న గ్రామ నియమాన్ని ఆయన నమోదు చేశారు. గ్రామాన్ని ఆదర్శంగా కీర్తించే వాళ్లతో రాజ్యాంగ సభలో గట్టిగా విభేదించారు. అంతకు ముందే, 1942లో నాగపూర్‌లో జరిగిన షెడ్యూల్డ్ కులాల మహాసభ ప్రత్యేక నివాస గ్రామాలను కోరింది. 1947లో రాజ్యాంగ సభ కోసం ఆయన తయారు చేసిన వినతి పత్రమూ అదే కోరింది. ఆ కోరికతో ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. కులం మనుషుల బుర్రల్లోనే ఉండదని, అది నేల మీద హద్దుగా, మెరకా పల్లంగా ఉంటుందని ఆయన గుర్తించారన్నది మాత్రం కాదనలేం.

రెండోది రాజ్యాంగంలో ఉంది. ఆయన అధ్యక్షతన ముసాయిదా సంఘం రూపు దిద్దిన రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం, పూర్తిగా గానీ పాక్షికంగా గానీ ప్రభుత్వ నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాల వాడకంలో కులం పేరిట ఏ పౌరుడికీ ఆటంకం ఉండరాదని నిర్దేశిస్తుంది. అందులో బోలే తీర్మానపు జాడ ఉంది, మహాడ్ గట్టు జాడ ఉంది. రోడ్లు అన్న మాట చదివినప్పుడల్లా మసూర్ నుంచి గోరేగావ్‌కు ఎద్దుల బండి తోలుకుంటూ వెళ్లిన పిల్లవాడు నాకు గుర్తొస్తాడు.

ఇక మన తీరానికి వద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10,000 మందిని బలిగొంది. గుడిసెల్లో, మట్టి గోడల ఇళ్లల్లో బతికే కూలీలు, మత్స్యకారులు నిలబడడానికి ఒక మెరక లేక కొట్టుకుపోయారు. ఆ తరువాత తీరం వెంట తుఫాను షెల్టర్లు వెలిశాయి, హెచ్చరిక వ్యవస్థ మెరుగుపడింది. 1990 మే తుఫానులో లక్షల మందిని ముందే తరలించడంతో మరణాలు వెయ్యి లోపే ఆగాయి. కట్టడం, హెచ్చరిక, దారి మూడూ కలిస్తే ప్రాణాలు నిలుస్తాయనడానికి అది రుజువు. అవి ఉన్నా కులం అడ్డుపడగలదనడానికి కూడా రుజువుంది. 2004 సునామీ తరువాత తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో సహాయ శిబిరాల్లో దళితులను వేరుగా ఉంచారని, తాగునీటి తొట్లను ముట్టనీయలేదని పత్రికలు, హక్కుల సంస్థలు నమోదు చేశాయి. మహాడ్‌కు అప్పటికి 77 ఏళ్లు.

2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ పరిహారం, సహాయం అందించడంలో కుల వివక్షను నిషేధించింది. మంచిదే. అయితే ఆ సెక్షన్ విపత్తు వచ్చాక మొదలవుతుంది. వివక్ష విపత్తు రాక ముందే మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెను ఎంత ఎత్తున కట్టాలి, మంచినీటి ట్యాంకు ఎక్కడ నిలపాలి, ఏ కల్వర్టును ముందు వెడల్పు చేయాలి, షెల్టరుకు ఎవరి స్థలం ఇవ్వాలి అన్న నిర్ణయాలు పంచాయతీ కాగితాల్లో, కాంట్రాక్టరు అంచనాల్లో జరిగిపోతాయి. ఏ ఉత్తర్వులోనూ కులం పేరు ఉండదు. మెరక మీద ఖాళీ స్థలం ఉన్నది ఫలానా చోట అని మాత్రమే ఉంటుంది. మెరక ఎవరిది అయిందన్న చరిత్రను ఆ కాగితం అడగదు. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో నానింది. పల్లంలో ఇల్లు కట్టుకున్నవాళ్లు అక్కడ ఎందుకు కట్టుకోవలసి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆక్రమణల మాట మాత్రం తరచుగా వినబడింది.

అందుకే షెల్టరు అంచనాలో సిమెంటు నాణ్యతతో పాటు మరో పరీక్ష ఉండాలని నేను కోరుతున్నాను. ఊళ్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంటి నుంచి, నీళ్లు పొంగిన రాత్రి, ఒక ముసలమ్మ ఆ షెల్టరుకు నడిచి వెళ్లగలదా? లోపలికి వెళ్లాక ఎక్కడ కూర్చోవాలో ఆమెకు ఎవరైనా చెబుతారా? స్థలం నిర్ణయించే గ్రామసభను ఊరి రచ్చబండ దగ్గర కాక ఆ పల్లంలోనే పెడితే ఈ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. పెద్ద ఖర్చు లేని సవరణ ఇది. రాజ్యాంగంలోని ఆ అధికరణాన్ని కోర్టు తీర్పుల దాకా పోనీయకుండా, గట్టు వేసే ముందే చదవడం అన్నమాట.

ఈసారి మా ఊళ్లో పాత షెల్టరు మరమ్మతులకు నిధులు వచ్చాయని విన్నాను. గోడలకు రంగు, పైకప్పుకు పూత వేస్తారట. మురుగు కాలువ మీది కల్వర్టు ఆ జాబితాలో లేదు. దాన్ని చేర్చమని వాడ తరఫున అర్జీ రాసి ఇచ్చాం. అర్జీలో 15వ అధికరణాన్ని ఉటంకించాం. కల్వర్టుకూ రాజ్యాంగానికీ ఏమిటి సంబంధమని కార్యాలయంలో ఒకాయన నవ్వాడు. చౌదార్ చెరువు గట్టు మీద నిలబడ్డ మనిషి, దామోదర్ గండి ఫైలు చదివిన మనిషి ఒక్కరేనని ఆయనకు తెలియకపోవచ్చు. వానలు మొదలయ్యే లోపు ఆ అర్జీ ఏమైందో కనుక్కోవడానికి మళ్లీ వెళతాం.